ఒక్క 'మా' పలకడానికి పదకొండు వారాలు

'మా' అనే మాటను ఊహ తెలిసినప్పటి నుంచీ వాడుతున్నాను. మా ఊరు, మా అమ్మ, మా బడి, మా ఆయన. నలభై ఒకటో ఏట పొద్దున్నే ఆరున్నరకు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ ఒక్క అక్షరం సరిగ్గా పలకలేక ముక్కు చీదుకునే రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు.

నేను హైదరాబాదులో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో కొనుగోళ్లు చూస్తాను. బల్క్ డ్రగ్ అంటే మాత్రలో ఉండే అసలు మందు. దాన్ని మాత్రగా ఒత్తడం, సీసాలో నింపడం వేరేవాళ్ల పని. ఆ మందు తయారీకి కావలసిన ముడి రసాయనాల్లో చాలా భాగం చైనా నుంచి వస్తుంది. ధర అడగడం, బేరమాడటం, సరుకు ఓడ ఎక్కిందో లేదో కనుక్కోవడం నా పని. మొదట్లో ఇదంతా వీచాట్ అనే చైనా యాప్‌లో నడిచేది. వాళ్లు చైనా లిపిలో పెడితే నేను అనువాదం మీట నొక్కి చదువుకునేదాన్ని. 2020 జూన్ చివర్లో ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో వీచాట్ కూడా పోయింది. ఇక మిగిలింది ఈమెయిలు, ఫోను. ఫోనులో అనువాదం మీట ఉండదు. అవతల ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి సెలవు పెట్టిందంటే ఆ రోజుకు నా పనీ సెలవే.

రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చి, చివరికి చైనా భాష నేర్చుకుందామని కూర్చున్నాను. పాఠం చెప్పేది చెంగ్డూ నగరంలో ఉండే ఒకావిడ. మనకంటే వాళ్ల గడియారం రెండున్నర గంటలు ముందు. నాకు ఆరున్నర అయితే ఆవిడకు తొమ్మిది. ఆవిడ అప్పటికే స్నానం, ఫలహారం ముగించుకుని తాజాగా ఉండేది. నేను కాఫీ గ్లాసుతో, చెదిరిన జుట్టుతో.

మొదటి రోజే చెప్పేసింది: నెల రోజులు వాక్యాలు లేవు, మాటలు లేవు, 'మా' ఒక్కటే.

తెర మీద అయిదు మెట్ల నిచ్చెన గీసింది. అడుగున ఒకటి, పైన అయిదు. మన గొంతు హాయిగా దిగగలిగినంత కింది స్థాయి ఒకటి, ఎక్కగలిగినంత పై స్థాయి అయిదు. మొదటి 'మా' అయిదో మెట్టు మీదే నిలబడి ఉంటుంది: అమ్మ. రెండోది మూడో మెట్టు నుంచి అయిదుకు ఎక్కుతుంది: జనపనార లాంటి నార మొక్క, తిమ్మిరి అని కూడా. మూడోది రెండు నుంచి ఒకటికి దిగి మళ్లీ నాలుగుకు లేస్తుంది: గుర్రం. నాలుగోది అయిదు నుంచి ఒకటికి దబ్బున పడుతుంది: తిట్టడం. ఇవి కాక ఏ మెట్టూ లేని తేలిక 'మా' ఒకటి వాక్యం చివర వచ్చి దాన్ని ప్రశ్నగా మారుస్తుంది. ఈ అయిదు మెట్ల లెక్కను 1930లో చావ్ యువాన్‌రెన్ అనే భాషావేత్త ప్రతిపాదించాడట. ఆయన పాటలకు బాణీలు కట్టినవాడు కూడా అని తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. చిన్నప్పుడు రాజమండ్రిలో ఆరేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని. స్వరస్థానాలు తెలిసిన మనిషికి నాలుగు 'మా'లు ఒక లెక్కా అనుకున్నాను.

నోటుపుస్తకంలో మా1, మా2, మా3, మా4 అని రాసుకున్నాను. పలకడం మొదలుపెట్టాను.

మొదటి వారంలో తేలింది ఏమిటంటే, నా గొంతు ఎక్కేది అనుమానం వచ్చినప్పుడు, దిగేది కోపం వచ్చినప్పుడు. ఊరికే ఎక్కడం, ఊరికే దిగడం దానికి రావు. మా2 అనమంటే నా కనుబొమలు పైకి లేచేవి, "ఏమిటీ, నిజమా?" అన్నట్టు. మా4 అనమంటే మొహం ముడుచుకుపోయేది. మా1 మరీ కష్టం. అయిదో మెట్టు మీద గొంతును కదలకుండా నిలపమంటే, దూరంగా వెళ్లిపోతున్న మనిషిని కేకేసినట్టు వచ్చేది. "మీ కనుబొమలు చైనీస్ బాగానే మాట్లాడుతున్నాయి, గొంతే ఇంకా మొదలుపెట్టలేదు" అంది టీచరు. అద్దం ముందు పెట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా నాలుగూ పలకమంది. తద్దినం భోజనానికి వచ్చిన చుట్టంలా మొహం పెట్టుకుని అద్దంలో నన్ను నేను చూసుకుంటూ "మా, మా, మా, మా" అనుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దీనికి తోడు ఇల్లు. అమ్మా నాన్నా మా దగ్గరే ఉంటారు. మా1 సాగదీసినప్పుడల్లా వంటింట్లోంచి అమ్మ "వస్తున్నా, వస్తున్నా" అనేది. ఆమె చెవికి అది 'అమ్మా'లో రెండో సగం. నిజానికి చైనా భాషలోనూ దాని అర్థం అమ్మే కాబట్టి ఆమె బదులు పలకడంలో తప్పేమీ లేదు. మా4 మొదలుపెట్టగానే మాత్రం "ఎందుకే అంత చిరాకు, నేనేమన్నాను?" అనేది.

ప్రశ్న 'మా' దగ్గర నాకు మంచి ఊతం దొరికింది. వాక్యం చివర 'మా' చేరిస్తే చాలు, గొంతు ఎత్తనక్కర్లేదు అని టీచరు నాలుగుసార్లు చెప్పినా నేను ఎత్తుతూనే ఉన్నాను. అయిదోసారికి నాకే తట్టింది. 'వచ్చాడు' అనే మాటకు చివర దీర్ఘం చేరిస్తే 'వచ్చాడా' అవుతుంది కదా. దాన్ని ఎంత చప్పగా అన్నా ప్రశ్నే. ప్రశ్నను గొంతులో కాక మాట చివర పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు నుంచి అయిదో 'మా' తప్పలేదు. మిగతా నాలుగింటికీ అలాంటి అదృష్టం పట్టలేదు.

రెండో వారంలో నాన్న దగ్గర మొర పెట్టుకున్నాను. ఆయన తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. గొంతు కాస్త అటూ ఇటూ అయితే అర్థం మారిపోవడమేమిటి, ఇదెక్కడి అన్యాయం అన్నాను.

"ఇంద్రశత్రువు కథ వినలేదా నువ్వు?" అన్నారు.

విన్నదే, కానీ మరిచిపోయాను. కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో, ఇంద్రుణ్ణి చంపే కొడుకు పుట్టాలని త్వష్ట యజ్ఞం చేశాడు. 'ఇంద్రశత్రువు వర్ధిల్లుగాక' అని మంత్రం. ఉదాత్త స్వరం, అంటే గొంతు ఎత్తి పలికేది, ఆ సమాసంలో చివరి అక్షరం మీద ఉంటే 'ఇంద్రుణ్ణి చంపేవాడు' అని తత్పురుషం. మొదటి అక్షరం మీద పడితే 'ఇంద్రుడే చంపేవాడుగా కలవాడు' అని బహువ్రీహి. స్వరం మొదటి అక్షరం మీద పడింది. వృత్రుడు పుట్టాడు, వర్ధిల్లాడు, ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు.

"అక్షరం మారలేదు, మాత్ర మారలేదు, స్వరం ఒక్కటే మారింది. వాళ్లకు యజ్ఞం పోయింది, నీకు పోయేదేముంది? మళ్లీ పలుకు" అన్నారు నాన్న. ఆయన ఓదార్పు ఎప్పుడూ అంతే.

అప్పుడు శ్రుతి పెట్టుకుని సాధన చేద్దామన్న ఆలోచన వచ్చింది. సంగీతంలో 'మ' అంటే మధ్యమం. మాకు నేర్పినావిడ శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ తేడా చెవికి ఎక్కేదాకా వదిలేది కాదు. 72 మేళకర్త రాగాల్లో మొదటి 36 శుద్ధ మధ్యమానివి, తర్వాతి 36 ప్రతి మధ్యమానివి. మిగతా స్వరాలన్నీ ఒకటే అయినా ఆ ఒక్క 'మ' మారితే శంకరాభరణం కల్యాణి అయిపోతుంది. అంత తేడా పట్టుకున్న చెవి ఇది. ఫోనులో శ్రుతి పెట్టి, పై షడ్జం, అంటే పై 'స' మీద మా1 నిలిపాను. పంచమం, అంటే 'ప' నుంచి పై షడ్జానికి మా2. పై షడ్జం నుంచి కింది షడ్జానికి జారుతూ మా4. నాకైతే దివ్యంగా వినిపించింది.

టీచరు చివరిదాకా విని, "చాలా బాగుంది, కానీ మీరు పాడుతున్నారు" అంది.

రెండు తప్పులు చేశాను. ఆ మెట్లకు స్థిరమైన శ్రుతి లేదు. ఎవరి గొంతుకు వాళ్ల అయిదో మెట్టు. అదే మనిషికి అలసిపోయినప్పుడు అయిదు కిందికి దిగుతుంది, సంతోషంగా ఉన్నప్పుడు పైకి జరుగుతుంది. మెట్ల మధ్య దూరం ముఖ్యం కానీ ఫలానా షడ్జం అంటూ ఏమీ లేదు. రెండోది, నేను తెలియకుండానే గమకం వేస్తున్నాను. మన సంగీతంలో స్వరాన్ని ఊపకుండా వదిలేస్తే పచ్చిగా ఉందంటారు. ఇక్కడ ఊపితే పాడైపోయింది. ఆరేళ్ల పాటు ఒకరు కష్టపడి నా గొంతులోకి ఎక్కించిన దాన్ని ఇంకొకరు ఓపిగ్గా దింపుతున్నారు. ఎవరి మీదా కోప్పడటానికి లేదు.

గుర్రంతో ఇంకో చిక్కు. పాఠంలో రాసినట్టు మా3ను దింపి మళ్లీ లేపుతూ పలికేదాన్ని, ఊయల ఊగినట్టు. అది ఒంటరిగా పలికినప్పుడు మాత్రమేనట. మాటల మధ్యలో వస్తే దిగి అక్కడే ఉండిపోతుంది, లేవదు. మూడోరకం మాటలే రెండు పక్కపక్కన వస్తే వాటిలో మొదటిది రెండోరకంగా మారుతుంది. 'నీ హావ్' అని అందరికీ తెలిసిన పలకరింపులో ఆ రెండు మాటలూ మూడోరకమే, కానీ పలికేటప్పుడు 'నీ' ఎక్కుతుంది. దీన్ని భాషాశాస్త్రం వాళ్లు ఏమంటారో తెలుసా? సంధి. ప్రపంచమంతా సంస్కృతం మాటే వాడుతున్నారు. గుణసంధి, యణాదేశసంధి బట్టీ పట్టిన ప్రాణానికి ఆ ఒక్క పేరు వినగానే ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను.

అంతా కుదుటపడుతోంది అనుకునేసరికి టీచరు నవ్వుతూ ఇంకో సంగతి చెప్పింది. ఆవిడ ఇంట్లో మాట్లాడే చెంగ్డూ యాసలో గుర్రం పైనుంచి కిందికి పడుతుందట. తిట్టు దిగి లేస్తుందట. అంటే నేను నెల రోజులుగా నానా పాట్లు పడి విడదీసిన రెండూ వాళ్ల అమ్మమ్మ నోట్లో దాదాపు తారుమారు. బడిలో చేరాక ఆవిడ కూడా ప్రామాణిక భాష స్వరాలను నాలాగే మళ్లీ నేర్చుకుందట. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "చెబితే మీరు మానేసేవారు" అంది. నిజమే.

నోటి సంగతి అలా ఉంచితే, చేతికి మాత్రం ఈ 'మా'లు తేలిగ్గా వచ్చాయి. గుర్రం బొమ్మ ఇప్పటి సరళ లిపిలో మూడు గీతలు. పాత లిపిలో పది. జూలు, నాలుగు కాళ్లు కనిపించేవి. ఆ గుర్రాన్నే పట్టుకుని మిగతావి కట్టారు. గుర్రం పక్కన ఆడమనిషి గుర్తు పెడితే అమ్మ. గుర్రం పక్కన నోరు పెడితే ప్రశ్న 'మా'. గుర్రం నెత్తిన రెండు నోళ్లు పెడితే తిట్టు. అమ్మకూ గుర్రానికీ అర్థంలో ఏ సంబంధమూ లేదు, 'దీన్ని మా అని చదువుకో' అని చెప్పడానికే గుర్రం అక్కడ కట్టేసి ఉంది. రెండు నోళ్ల తిట్టు మాత్రం నాకు బాగా నచ్చింది. తిట్టడానికి ఒక్క నోరు చాలదని రాసినవాడెవడో సంసారి అయి ఉంటాడు. నార మొక్క ఒక్కటే గుర్రం లేకుండా, చూరు కింద ఆరబెట్టిన మొక్కల బొమ్మతో వేరుగా నిలుస్తుంది. దాన్ని మా పనిలోనే ఎన్నో చోట్ల చూశాను. మత్తుమందుకు వాళ్లు వాడే మాటలో ఆ తిమ్మిరి 'మా' ఉంది. గంజాయి 'పెద్ద మా'. ఎఫెడ్రిన్ అనే మందును మొదట వేరుచేసిన మొక్క 'మా హువాంగ్', అంటే పసుపు మా. జపాన్ రసాయన శాస్త్రవేత్త నాగాయ్ నాగయోషి 1885లో దానినుంచే తీశాడు. మిరియంలాంటి దినుసుతో నాలుక మొద్దుబారే చెంగ్డూ వంటలోని 'మా లా' కూడా ఇదే: తిమ్మిరి, కారం.

గుర్రం నుంచి వచ్చిన మాటల్లో నాకు రోజూ పనికొచ్చేది 'మాషాంగ్'. అక్షరాలా 'గుర్రం మీద'. వెంటనే, ఇప్పుడే అని అర్థం. సరుకు ఎప్పుడు పంపుతారు అంటే మాషాంగ్. పత్రాలు ఎప్పుడొస్తాయి అంటే మాషాంగ్. ఒకసారి ఆ గుర్రం తొమ్మిది రోజులకు దిగింది. మన దగ్గర 'బయలుదేరాం సార్, దారిలో ఉన్నాం' అనేవాళ్లు స్నానానికి వెళ్లబోతూ ఉంటారు కాబట్టి నాకేమీ కొత్తగా అనిపించలేదు.

ఆరో వారంలో తొందరపడ్డాను. అవతల ఇంగ్లీషు అమ్మాయి లేని రోజు, ఒక ద్రావకం 4 టన్నులు కావాలని నేనే ఫోను చేశాను. కొనడాన్ని 'మాయ్' అంటారు, మూడోరకం, కింద ఉండాలి. అమ్మడం కూడా 'మాయ్', నాలుగోరకం, పడాలి. రాతలో కొనడం నెత్తిన చిన్న శిలువ గీత పెడితే అమ్మడం. మనలో మాట, వ్యాపారం చేసే జాతి ఆ రెండింటికీ ఒకే ధ్వని పెట్టుకుని ఎలా బతుకుతోందో! ఖచ్చితంగా చెప్పాలన్న పట్టుదలతో ఆ మాటను నొక్కి పలికాను. మనకు నొక్కి పలకడం అంటే గొంతును దబ్బున దించడమే. "మేం 4 టన్నులు అమ్మాలి" అని గట్టిగా, నమ్మకంగా, రెండుసార్లు చెప్పాను. అవతలి పెద్దమనిషి కాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రానికి ఈమెయిలు వచ్చింది: మీ దగ్గరున్న నిల్వ ఏ కంపెనీది, ధర ఎంత, పరీక్ష నివేదిక పంపగలరా అని. మా మేనేజరు ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి, "మనం చైనాకు ద్రావకం అమ్మే స్థితికి ఎప్పుడు ఎదిగాం అమ్మా?" అని అడిగారు. సర్దుకోవడానికి రెండు రోజులు పట్టింది. తప్పు నాదే.

ఆ దెబ్బతో నోరు ఆపి చెవి మీద పడ్డాను. పలకలేకపోవడానికి కారణం నాకు వినిపించకపోవడమే అని టీచరు మొదటి నుంచీ అంటూనే ఉంది. ఆవిడ గొంతులో నాలుగు 'మా'లనూ ఒక్కొక్కటి పదేసిసార్లు రికార్డు చేయించుకున్నాను, మొత్తం 40. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి వాటిని ఫోనులో కలగాపులగం చేసి వినిపించేవాడు. నేను ఒకటో రెండో మూడో నాలుగో చెప్పాలి. కళ్లు మూసుకుని గుడ్డిగా చెప్పినా పది రావాలి. మొదటి రాత్రి నాకు 17 వచ్చాయి. ఒకటినీ రెండునూ కలిపేస్తున్నాను. మూడు వారాల తర్వాత 29. ఈసారి రెండూ మూడూ కలిసిపోతున్నాయి. రోజూ రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు. వాడికి ఇది మంచి ఆటగా మారింది. అమ్మకు మార్కులు వేసే అవకాశం ఏ పిల్లవాడికి వస్తుంది? రెండువారాల తర్వాత, అంటే పదకొండో వారంలో, 38. ఆ రాత్రి నేను కనుబొమలు కదపకుండా నాలుగూ పలికాను. తెల్లవారి టీచరు విని ఏమీ అనలేదు, తర్వాతి పాఠం తెరిచింది.

ఆ పాఠంలో మొదటి వాక్యం: 'మామ మా మా మా?' అమ్మ గుర్రాన్ని తిట్టిందా? చైనా నేర్చుకునేవాళ్లందరి చేతా పలికించే వాక్యమే. మా అబ్బాయి పొర్లి పొర్లి నవ్వాడు. వాడికి మామ అంటే మా తమ్ముడు. మామ గుర్రం మీద ఎందుకు ఎక్కాడు, ఎందుకు తిట్టాడు అని వారం రోజులు అదే కథ. అదే వారంలో, జార్జియాలో మెడిసిన్ చదువుతున్న మా అక్క కూతురు ఫోను చేసింది. వాళ్ల టిబిలిసీలో 'మామ' అంటే నాన్న అని, అమ్మను 'దేద' అంటారని చెప్పింది. ఒక్క మామ, చైనాలో తల్లి, జార్జియాలో తండ్రి, మన ఇంట్లో మేనమామ. ఆ రోజే నోటుపుస్తకం వెనక అట్ట దగ్గర ఒక పేజీ కేటాయించి 'మా'లు పోగుచేయడం మొదలుపెట్టాను.

మదురై నుంచి వచ్చిన నా సహోద్యోగిని అడిగితే తమిళంలో 'మా' అంటే మామిడి అంది, పిండి అంది, జంతువు అంది, కావ్యాల్లో గుర్రం కూడా అంది. గుర్రం మళ్లీ గుర్రమే అయ్యేసరికి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. కానీ చూడగా అది కాకతాళీయమే అనిపిస్తుంది. వియత్నాం భాషలో ఉన్న గుర్రం 'మా' మాత్రం చైనా నుంచి పట్టుకెళ్లిందే. అక్కడ వాళ్లకు స్వరాలు ఆరు: దయ్యం, 'కానీ' అనే మాట, అమ్మ, సమాధి, గుర్రం, వరినారు, అన్నీ 'మా'యే. నారు దగ్గర ఆగిపోయాను. పొలంలో నారుమడికీ శ్మశానంలో సమాధికీ మధ్య గొంతులో పిసరంత తేడా. థాయ్‌లాండ్‌లో 'మా' అంటే 'రా' అని పిలవడం, గుర్రం, కుక్క.

సంస్కృతంలో 'మా' అంటే వద్దు. గీతలో అందరికీ నోటికొచ్చే 'కర్మణ్యేవాధికారస్తే' శ్లోకంలో 'మా' మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ నిషేధమే. మా అంటే లక్ష్మి కూడా, ఆమె భర్త కాబట్టే మాధవుడు. కువైట్‌లో పన్నెండేళ్లు డ్రైవరుగా చేసివచ్చిన మా చిన్నాన్న కొడుకు చెప్పింది అన్నింటికంటే బాగుంది. అరబ్బీలో 'మా' అంటే లేదు, కాదు; ఏమిటి అని అడగడానికీ అదే. అక్కడ దిగిన ప్రతి తెలుగువాడూ మొదటి వారంలో నేర్చుకునే మాట 'మాఫీ', అంటే లేదు. వాడు దిగిన రెండో నెలలో జీతం అడిగితే యజమాని 'ఫులూస్ మాఫీ' అన్నాడట. రుణమాఫీ విని పెరిగినవాడు కదా, నా అప్పేదో ఈయన తీర్చేస్తున్నాడని ఆనందపడ్డాడట. డబ్బు లేదు పొమ్మన్నాడని తెలియడానికి సాయంత్రమైంది.

'మా' అంటే ఇటలీలో 'కానీ', ఫ్రాన్సులో 'నా', హంగరీలో 'ఈరోజు', పోలండ్‌లో 'కలిగి ఉంది', ఎస్టోనియాలో 'నేను'. పేజీ నిండిపోయింది. దాని ఫొటో మా బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టడం నా పొరపాటు. అన్ని భాషల్లోనూ మా అంటే తల్లి కాబట్టి అన్ని భాషలకూ తల్లి సంస్కృతమే అని ఒక పెద్దాయన వెంటనే తేల్చేశారు. అన్ని భాషల్లోనూ కాదు, ఆ పేజీలోనే దయ్యం, కుక్క, పిండి ఉన్నాయి చూడండి అన్నాను. చూడలేదు. చాలా భాషల్లో తల్లిని పిలిచే మాటలో 'మ' ఉండటానికి రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త చెప్పిన కారణం నాకు నమ్మబుద్ధేస్తుంది: పాలు తాగే బిడ్డ నోరు మూసుకుపోయి ఉంటుంది, గునిస్తే ముక్కులోంచి వచ్చేది 'మ్' ఒక్కటే, ఆ గునుపును తననే పిలిచినట్టుగా తల్లి వింటుంది. వేరువేరు చోట్ల వేరువేరు బిడ్డలు, ఒకే ముక్కు. జార్జియా తండ్రి సంగతి చెబితే ఆ పెద్దాయన నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

ఆ తర్వాత రాసిన చైనా భాషా పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హన్యు షుయిపింగ్ ఖావ్‌షి అంటారు, మొదటి స్థాయి రాశాను. అప్పటి లెక్కలో 150 మాటలు వస్తే చాలు. 40 ప్రశ్నలు, సగం వినడం, సగం చదవడం. 200కు 120 వస్తే గట్టెక్కినట్టు. ఇంటి దగ్గరే కంప్యూటర్ మీద రాసే ఏర్పాటు ఉంది. ఆ గంటసేపు కుక్కర్ పెట్టవద్దని అమ్మను బతిమాలాను. 171 వచ్చాయి. తప్పులన్నీ వినడంలోనే. మాట్లాడే పరీక్ష వేరుగా ఉంటుంది, దాని జోలికి ఇంకా వెళ్లలేదు. ఫోనులో మాత్రం కొంటున్నానో అమ్ముతున్నానో అవతలివాళ్లకు ఇప్పుడు తెలుస్తోంది. అయినా అంకె చెప్పాక ఈమెయిలు కూడా పెడతాను.

ఫలితం వచ్చిన మర్నాడు పాఠం పక్కన పెట్టి కబుర్లు చెప్పుకున్నాం. "ఇన్నాళ్లూ నేనే చెప్పాను, మీ భాషలో మా అంటే ఏమిటి?" అని అడిగింది టీచరు. మాది, మీది కాదు అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. మా ఊరు అంటే మీరు అందులో లేరు, మన ఊరు అంటే మీరూ ఉన్నారు అని వివరించాను. వెంటనే పట్టేసింది. బీజింగ్ వాళ్లు 'జాన్మెన్' అంటే వినేవాళ్లను కలుపుకున్నట్టు, ఆ పక్కనే 'వోమెన్' అంటే వదిలేసినట్టు అని, చెంగ్డూ వాళ్లకు ఆ తేడా లేదని చెప్పింది. ఉదాహరణగా మా ఆయన అన్నాను. "మా అంటే బహువచనం అన్నారు కదా, ఆయన ఎంతమందికి భర్త?" అంది. దీనికి నాన్న కూడా జవాబు చెప్పలేకపోయారు.

"సరే, ఈ మా ఎన్నోరకం?" అని అడిగింది.

ఏ రకమూ కాదు, ఎలా పలికినా అర్థం ఒకటే అన్నాను. ఆవిడ నమ్మలేదు. 'మా ఇల్లు' అని రాయించుకుని నాలుగు రకాలుగా పలికి చూసింది. మొదటిది దూరం నుంచి కేకేసినట్టు ఉంది. రెండోది, ఇది మా ఇల్లేనా అని తడుముకున్నట్టు ఉంది. మూడోది దిగులుగా ఉంది. మూడింటికీ సరే, సరే అన్నాను. నాలుగోది గొంతంతా పెట్టి, పైనుంచి కిందికి కోసినట్టు అంది: "మా ఇల్లు!"

పక్క గదిలోంచి నాన్న పేపరు దించి, "ఎవరమ్మా ఆవిడ? గోడ దగ్గర తగాదా?" అన్నారు.